ఒకే సీసం... అక్షరానికీ, తూటాకూ

*బైరాన్‌పల్లి బురుజు మీది భర్మార్ గుండుకూ, ఇనుగుర్తి అచ్చుయంత్రంలోని తెలుగు అక్షరానికీ ముడిసరుకు ఒకటే. జనగామ, మహబూబాబాద్ పల్లెల చరిత్రలో ఈ మెత్తని లోహం నడిచిన దారిపై ఆదివారం ప్రత్యేక కథనం.*

కొలిమిలో బొగ్గులు పూర్తిగా ఎర్రబడక ముందే, ఇనుప గరిటెలో వేసిన సీసపు ముక్క అంచుల దగ్గర మెత్తబడి, చూస్తుండగానే కుంగి, వెండి నీళ్లలా మెరిసే ద్రవమై గరిటె అడుగుకు చేరుతుంది. గాలి సోకిన కొద్దిసేపటికే ఆ మెరుపు మీద బూడిదరంగు పొర కమ్ముకుంటుంది, పుల్లతో ఆ పొరను పక్కకు నెడితే అద్దంలాంటి ముఖం మళ్లీ బయటపడుతుంది. పట్టకారు ఆకారంలో రెండు దవడలున్న అచ్చులోకి ఆ ద్రవాన్ని వంచి, నాలుగు మాటలు మాట్లాడుకునేంతలో దవడలు విప్పితే రేగుపండంత గుండు నేల మీదికి దొర్లుతుంది. అదే లోహంలో కొంత తగరం, కొంత ఆంటిమొనీ కలిపి, అక్షరం లోతుగా దిగిన రాగి మాతృకలో పోస్తే, బయటికి వచ్చేది 'అ' అనే అక్షరాన్ని అద్దంలో బొమ్మలా తిరగేసి మోస్తున్న సన్నని కడ్డీ. మొదటిది తుపాకీ గొట్టంలోకి, రెండోది అచ్చుయంత్రంలోకి వెళ్లాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో తెలంగాణ పల్లె ఈ రెండింటినీ చూసింది.

ఏటా ఆగస్టు చివరి వారం నుంచి, 1948లో నిజాం లొంగిపోయిన తేదీ సెప్టెంబరు 17 దాకా, నర్మెట్ట, చేర్యాల, దేవరుప్పుల, పాలకుర్తి ప్రాంతాల్లో సాయుధ రైతాంగ పోరాటం మళ్లీ జనం మాటల్లోకి వస్తుంది. ఆ తేదీని విమోచనం అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అన్న వాదం పత్రికల్లోనూ వేదికల మీదా సాగుతుంది. ఆ వాదం మనుషుల పేర్ల చుట్టూ, పార్టీల చుట్టూ తిరగడం సహజమే. అయితే ఆ మనుషుల చేతుల్లోకీ, కొందరి ఒంట్లోకీ చేరిన లోహం ఏది, అది ఎక్కడినుంచి వచ్చింది, రెండు పక్షాల లోహాల మధ్య ఉన్న తేడా పోరు ఫలితాన్ని ఎంతవరకు నిర్ణయించింది అన్న ప్రశ్నలు ఆ వాదంలో దాదాపు వినిపించవు. ఆయుధాల చరిత్రను తుపాకుల చరిత్రగా మాత్రమే చెప్పుకునే అలవాటు వల్ల, తుపాకీ నోటినుంచి బయటికి వచ్చే చిన్న లోహపు ముద్ద మరుగున పడిపోయింది.

ఇనుము ఇంటిది, సీసం పరాయిది

ఈ నేలకు ఇనుము కొత్త కాదు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం, గార్ల ప్రాంతపు ఇనుపరాయి ఎంత పేరున్నదంటే, 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆ కర్మాగారం కోసం ఎదురుచూపు నేటికీ ప్రజల మాటల్లో నలుగుతూనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా వర్తకులను ఇంతదూరం రప్పించింది. ఇంత ఇనుము ఉన్న నేల తన తుపాకులకు కావలసిన గుండ్లను ఇనుముతో ఎందుకు పోసుకోలేదన్న సందేహానికి జవాబు కొలిమి వేడిలో దొరుకుతుంది.

స్వచ్ఛమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కోనసముద్రం మూసల సంగతి వేరు, మట్టిబట్టీ, తోలుతిత్తి, కట్టెబొగ్గు కలిసినా మామూలు పల్లె కొలిమిలో ఇనుము ద్రవంగా పారదు. చిట్టెంతో కలిసిన స్పంజిలాంటి ముద్దగా బయటికి వస్తుంది, దాన్ని సమ్మెటతో మళ్లీ మళ్లీ సాగగొడితేనే పనికి వస్తుంది. ఫిరంగికి కావలసిన పెద్ద గుండ్లను అలా కొట్టి గుండ్రం చేయడం సాధ్యమే, కానీ తుపాకీకి కావలసిన చిన్న గుండ్లను వందల సంఖ్యలో, ఒకే కొలతలో, సమ్మెటతో తయారుచేయడం అయ్యే పని కాదు. సీసం 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, అంటే వంటింటి కట్టెలపొయ్యి మంట కూడా దానికి చాలు. పైగా అది బరువైనది: ఒకే పరిమాణంలో ఉన్న నల్లరాయి కన్నా సుమారు నాలుగు రెట్లు, ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ తూగుతుంది. బరువైన గుండు గాలి అడ్డును తట్టుకుని ఎక్కువ దూరం తన వేగాన్ని నిలుపుకుంటుంది. సులువుగా కరగడం, చిన్న ముద్దలో పెద్ద బరువు ఇమడడం అనే ఈ రెండు గుణాలు ఒకే చౌక లోహంలో కలవడం వల్ల ప్రపంచమంతటా తుపాకీ గుండు అంటే సీసపు గుండే అయింది.

అయితే ఆ సీసం తెలంగాణ పల్లె భూమిలో దొరికేది కాదు. తెలుగునాట చెప్పుకోదగ్గ సీసపు ఖనిజం పల్నాటిలోని అగ్నిగుండాల, బండలమొట్టు ప్రాంతంలో ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో హిందూస్థాన్ జింక్ సంస్థ అక్కడ గని నడిపి, తరువాత మూసివేసింది. శాతవాహనులు సీసంతో నాణేలు పోశారు, కోటిలింగాల, పెద్దబొంకూరు వంటి చోట్ల అవి దొరికాయి. భారతదేశానికి సీసం లేదనీ, రత్నాలూ ముత్యాలూ ఇచ్చి దాన్ని కొనుక్కుంటుందనీ క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ మాట పూర్తిగా నిజం కాకపోయినా, సముద్రం మీదుగా సీసం దిగుమతి అయ్యేదన్న సంగతి అదే కాలపు గ్రీకు నావికుడి 'పెరిప్లస్' గ్రంథమూ చెబుతున్నది. పదహారు వందల ఏళ్ల తరువాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడి బట్టలు కొనడానికి తెచ్చిన సరుకుల్లో ఉన్ని గుడ్డతో పాటు సీసమూ ఉండేది. గోల్కొండ రాజ్యం ఇనుము, ఉక్కు ఎగుమతి చేస్తూ, తుపాకీ గుండుకు కావలసిన సీసం కోసం ఓడల వైపు చూసింది.

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ కోటను కేంద్రం చేసుకుని మొగలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న కథలోనూ ఈ సంగతి కనిపిస్తుంది. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన పాపన్న, చేతికి చిక్కిన సంపదలో కొంత యూరోపియన్ వర్తకుల తుపాకుల కోసం ఖర్చు చేశాడని చరిత్రకారులు చెబుతారు. కల్లుగీత కుటుంబంలో పుట్టినవాడు మొగలు సేనలను ఏళ్ల తరబడి నిలువరించగలిగాడంటే ధైర్యం ఒక కారణం, రాతికోట మరొక కారణం, కోస్తా రేవుల దాకా సాగిన సరుకు సంబంధం మూడో కారణం. మూడోదాన్ని జానపద గాథ అంతగా పట్టించుకోలేదు.

> లోహాల లెక్క
>
> సీసం: కరిగే వేడి 327 డిగ్రీలు. ఘన సెంటీమీటరు బరువు 11.3 గ్రాములు. గోటితో గీస్తే గీత పడుతుంది.
>
> తగరం: 232 డిగ్రీలకే కరుగుతుంది. 7.3 గ్రాములు. ఇత్తడి గిన్నెలకు వేసే కళాయి ఇదే.
>
> ఆంటిమొనీ: 631 డిగ్రీలు. 6.7 గ్రాములు. పెళుసు, ఒక్క దెబ్బకు పొడి అవుతుంది. ప్రాచీనుల సౌవీరాంజనం దీని ఖనిజమే. నేడు బజారులో అమ్మే సుర్మాలో చాలాచోట్ల ఉన్నది మాత్రం సీసపు ఖనిజం.
>
> ఇనుము: 1538 డిగ్రీలు. 7.9 గ్రాములు.
>
> టంగ్‌స్టన్: 3422 డిగ్రీలు. 19.3 గ్రాములు.

మెత్తదనానికి మందు

సీసానికి ఉన్న పెద్ద లోపం దాని మెత్తదనమే. లోహపు గట్టిదనాన్ని కొలవడానికి ఒక గట్టి బంతిని నిర్ణీత బరువుతో దాని మీద అదిమి, పడిన సొట్ట వెడల్పును బట్టి అంకె కడతారు. ఈ బ్రినెల్ కొలతలో స్వచ్ఛమైన సీసం విలువ ఐదు దగ్గర ఉంటుంది. గొట్టం లోపల నునుపుగా ఉన్న పాత తుపాకులకు ఈ మెత్తదనంతో ఇబ్బంది లేదు, ఎందుకంటే గుండు గొట్టం కన్నా కొంచెం సన్నగా ఉండి, చుట్టిన గుడ్డతోనో కాగితంతోనో బిగుసుకుని వదులుగా బయటికి పోయేది. గొట్టం లోపల మెలికల గాళ్లు కోసి, గుండును బొంగరంలా తిప్పుతూ పంపే రైఫిల్ వచ్చాక లెక్క మారింది. బొంగరం తిరిగినంతసేపూ నిలకడగా ఉన్నట్టే తిరిగే గుండు దారి తప్పదు; అయితే అది తిరగాలంటే ఆ గాళ్లను గట్టిగా పట్టుకోవాలి.

1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే ఈ చిక్కును సీసపు మెత్తదనంతోనే విప్పాడు. కోడిగుడ్డు మొనలాంటి ముందుభాగం, బోలుగా ఉన్న అడుగు గల గుండును ఆయన రూపొందించాడు; మందు పేలిన ఒత్తిడికి ఆ బోలు అంచు విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది. దీనికి మెత్తని సీసమే కావాలి, గట్టిది పనికిరాదు. 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా ఈ కోవకు చెందినదే. కొవ్వు పూసిన కాగితం గురించి పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి, ఆ కాగితం లోపల ఉన్న సీసం గురించి చెప్పవు.

మందు బలం పెరిగి, గుండు వేగం పెరిగినప్పుడు మెత్తని సీసం గాళ్లను పట్టుకోలేక వాటిమీదుగా జారి, గొట్టం గోడకు పూతలా అంటుకుని, తుపాకీ గురిని చెడగొట్టింది. అక్కడ మిశ్రమలోహం అవసరమైంది. ఒక లోహంలో మరొకటి కరిగించి కలిపితే వచ్చేది రెండింటి సగటు అనుకోవడం పొరపాటు. మెత్తని లోహమూ, పెళుసు లోహమూ కలిసినప్పుడు, మెత్తనిదాని పరమాణువుల వరుసల మధ్య రెండోదాని రేణువులు అడ్డుపడి, వరుసలు సులువుగా జరగనీయక, మెత్తని లోహానికి లేని గట్టిదనాన్ని ఇస్తాయి. ఆంటిమొనీ సీసానికి చేసే మేలు ఇదే. తగరం చేసే మేలు వేరు: కరిగిన లోహం నీటిబొట్టులా ముడుచుకుపోకుండా, అచ్చు మూలమూలకూ పాకేటట్టు చేస్తుంది, కాబట్టి గుండు అంచులు తేటగా దిగుతాయి. వేటతుపాకీ రవ్వల సీసంలో కలిపే కొద్దిపాటి ఆర్సెనిక్, పైనుంచి జారే బొట్టు గుండ్రంగా గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. బ్రిస్టల్ నగరవాసి విలియం వాట్స్ 1782లో ఈ పద్ధతికి హక్కు పొందాడు: ఎత్తైన గోపురం మీదినుంచి కరిగిన సీసాన్ని జల్లెడ గుండా వదిలితే, వానచినుకులా గుండ్రబడి కింది నీటితొట్టిలో పడుతుంది.

వంద పాళ్లలో సుమారు 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమొనీ, 4 పాళ్లు తగరం ఉన్న మిశ్రమానికి గట్టిదనం స్వచ్ఛమైన సీసం కన్నా నాలుగు రెట్లు పైనే. ఈ పాళ్లు తూటా కోసం పుట్టినవి కావు. అవి లైనోటైపు అనే అచ్చుయంత్రపు లోహానివి.

ఇనుగుర్తి అక్షరం

అచ్చు అక్షరానికి కావలసిన గుణాలు గట్టి గుండుకు కావలసిన గుణాలే కావడం యాదృచ్ఛికం కాదు. అక్షరపు కడ్డీ తక్కువ వేడికి కరగాలి, మాతృకలోని ప్రతి వంపునూ నింపాలి, గడ్డకట్టేటప్పుడు ముడుచుకుపోకూడదు, వేలసార్లు కాగితాన్ని తాకినా అరగకూడదు. పదిహేనో శతాబ్దంలో గూటెన్‌బర్గ్ కాలంనుంచి అచ్చు పనివారు ఈ నాలుగింటికీ సీసం, తగరం, ఆంటిమొనీల కలయికనే నమ్ముకున్నారు. తెలుగుకు ఈ లోహం ఎక్కువే కావాలి. ఇరవయ్యారు అక్షరాల లిపికి చాలిన పెట్టెలు తెలుగుకు చాలవు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వత్తులు, వాటి కలయికలు కలిసి వందల గళ్లు నిండుతాయి, ఆ గళ్ల ముందు నిలబడి కంపోజిటర్ ఒక్కొక్క కడ్డీని ఏరి వరుస పేర్చాలి.

నిజాం పాలనలో అధికార భాష ఉర్దూ అయినప్పుడు, పట్నానికి దూరంగా, నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అనే సోదరులు అచ్చుయంత్రం నెలకొల్పి, 1922 ఆగస్టులో 'తెనుగు' వారపత్రికను ప్రారంభించారు. అదే నెలలో నల్లగొండనుంచి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక వెలువరించారు. నాలుగేళ్ల తరువాత, 1926లో, సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ' వచ్చింది. పట్టణాల్లోనే పత్రిక నడపడం కష్టమైన కాలంలో, రాతకోతలు తెలిసినవారు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమంది ఉన్న పల్లెలో, సోదరులిద్దరూ సంపాదకత్వం మొదలుకొని ముద్రణ దాకా తామే మోసిన ఆ పనిని తెలంగాణ చరిత్రలోని సాహసాల్లో ఒకటిగా లెక్కించడం అతిశయోక్తి కాదు. బండెడు సీసపు అక్షరాలను పల్లెకు చేర్చి, వాటిని ఏరి, పేర్చి, అచ్చువేసి, విప్పి, మళ్లీ గళ్లలోకి పంచిన ఆ శ్రమ గురించి సాహిత్య చరిత్రలు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం న్యాయం కాదు.

అచ్చు లోహానికి మరో లక్షణం ఉంది. అరిగిన అక్షరం చెత్త కాదు. కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. ఈ లక్షణమే అక్షరాన్నీ తూటానూ ఒకదానికొకటి దగ్గర చేసింది. యుద్ధం ముంచుకొచ్చిన చోట అచ్చు అక్షరాలూ, ఇంటి కప్పుల సీసపు రేకులూ, కిటికీ చట్రాలూ గుండ్లుగా మారిన సందర్భాలు పాశ్చాత్య దేశాల చరిత్రలో ఉన్నాయి.

> రాజుగారి విగ్రహం, 42,088 గుండ్లు
>
> 1776 జులై 9న న్యూయార్క్ ప్రజలు బ్రిటిష్ రాజు మూడో జార్జి సీసపు విగ్రహాన్ని కూల్చివేశారు. దాని ముక్కల్లో ఎక్కువ భాగాన్ని కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు బండ్లమీద చేరవేసి కరిగించారు. స్త్రీలూ పిల్లలూ చేతులు కలిపి పోసిన గుండ్ల సంఖ్య 42,088 అని నాటి లెక్క చెబుతుంది.

పెంబర్తి రేకు, తూటా తొడుగు

హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే రోడ్డు మీద జనగామకు ముందు తగిలే పెంబర్తిలో విశ్వకర్మ కళాకారులు ఇత్తడి రేకును సుత్తి దెబ్బలతో లోపలికీ బయటికీ ఉబ్బించి, దేవతల విగ్రహాలకు తొడుగులూ, ద్వారాలకు అలంకారాలూ చేస్తారు. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇత్తడి అంటే రాగి, యశదం కలిసిన మిశ్రమలోహం. రాగి ఎక్కువగా ఉన్న ఇత్తడి చల్లగా ఉండగానే చిరగకుండా సాగుతుంది, వేడిచేసి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది. 70 పాళ్ల రాగి, 30 పాళ్ల యశదం గల ఇత్తడికి ఈ గుణం మరీ బాగా ఉండడం వల్ల ప్రపంచమంతటా తూటా గొట్టాన్ని దానితోనే లాగుతున్నారు. పేలుడు క్షణంలో ఆ గొట్టం వ్యాకోచించి తుపాకీ గదిని మూసివేస్తుంది, మరుక్షణం ముడుచుకుని సులువుగా బయటికి వస్తుంది. పెంబర్తి కంచరి సుత్తికి లోబడే అదే స్వభావం ఆయుధ కర్మాగారపు యంత్రానికీ లోబడింది.

గుండుకు కూడా లోహపు చొక్కా వేయవలసిన రోజు 1880 దశకంలో వచ్చింది. పొగరాని మందు కనిపెట్టాక గుండు వేగం ఎంత పెరిగిందంటే, ఆంటిమొనీ కలిపిన సీసం కూడా గొట్టంలో నిలవలేకపోయింది. అప్పుడు లోపల సీసం, పైన రాగి, నికెల్ కలిసిన పలుచని తొడుగు ఉన్న గుండు తప్పనిసరైంది. బరువు సీసానిది, పట్టు తొడుగుది. బ్రిటిష్ సామ్రాజ్యమంతటా, దాని అండలోని సంస్థానాల్లోనూ చేరిన త్రీనాట్‌త్రీ రైఫిల్ గుండు ఈ తరహాది. దాని ప్రసిద్ధమైన ఏడో నమూనా బరువు 11 గ్రాములకు కొంచెం ఎక్కువ, గొట్టం దాటే వేగం సెకనుకు 740 మీటర్లకు పైన. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890 దశకంలో తొడుగు మొనను తీసివేసి లోపలి సీసాన్ని బయటపెట్టిన గుండును తయారుచేశారు; అది ఒంట్లో విచ్చుకుని గాయాన్ని భయంకరం చేసింది. 1899లో హేగ్ ప్రకటన అటువంటి గుండ్లను యుద్ధాల్లో నిషేధించింది. బెంగాలులోని ఒక ఊరి పేరు క్రూరత్వానికి పర్యాయపదమై ప్రపంచ భాషల్లో నిలిచిపోయింది.

వడిసెల రాయి, భర్మార్ గుండు, కంపెనీ తూటా

1946 జులై 4న నేటి దేవరుప్పుల మండలంలోని కడవెండిలో విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్ మనుషులు ఊరి జనం ఊరేగింపు మీద కాల్పులు జరిపినప్పుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటి జనగామ తాలూకా అంతటా ఆ మరణం రగిలించిన కోపం చేతికి అందిన ఆయుధాన్ని వెతుక్కున్నది. మొదట దొరికింది వడిసెల. పంట చేల మీద పిట్టలను తోలడానికి తాడుకు మధ్య రాయి పెట్టి తిప్పి విసిరే ఆ సాధనానికి ఖర్చు లేదు, రాయికి కొరత లేదు. తరువాతిది భర్మార్, అంటే గొట్టం నోటినుంచి మందూ గుండూ దట్టించి కాల్చే నాటుతుపాకి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు, దాని మీద గుడ్డపీలికో పీచో, దాని మీద గుండు. సీసం దొరికితే సీసపు గుండు. దొరకకపోతే ఇనుప ముక్క, గులకరాయి.

ఒక్కసారి కాల్చాక మళ్లీ దట్టించడానికి పట్టే సమయంలో ఎదుటివాడి చేతిలోని త్రీనాట్‌త్రీ పలుమార్లు పేలుతుంది. గుండ్రని గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది, నునుపు గొట్టంలోంచి రావడం వల్ల గురి కూడా కొద్ది దూరానికే నిలుస్తుంది. తొడుగు వేసిన మొనదేలిన గుండు వందల మీటర్ల అవతల కూడా ప్రాణం తీస్తుంది. రెండూ సీసమే అయినా ఒకటి కమ్మరి కొలిమిలో గరిటెతో పోసినది, ఇంకొకటి సముద్రాల మీద సామ్రాజ్యం నడిపిన కర్మాగారంలో యంత్రం లాగినది. ఈ తేడాను దృష్టిలో పెట్టుకుంటేనే ఆ పల్లెలు ఎంతకాలం నిలబడ్డాయన్న సంగతికి విలువ తెలుస్తుంది.

నేటి సిద్దిపేట జిల్లాలో, నర్మెట్టకు ఎంతో దూరంలో లేని బైరాన్‌పల్లిలో ఊరి నడుమ ఉన్న రాతి బురుజే జనానికి కోట అయింది. బురుజు మీద కాపలా, శత్రువు కనబడితే నగారా, చేతుల్లో వడిసెలలూ భర్మార్లూ. ఎత్తు మీదినుంచి కాల్చడం, విసరడం వల్ల తమ ఆయుధాల కొరతను ఊరివాళ్లు కొంత పూడ్చుకున్నారు, నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల దాడులను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లతో పాటు నిజాం బలగాలు ఫిరంగితో వచ్చాయి. రాతి బురుజు తూటాను ఆపగలిగింది, ఫిరంగి గుండును ఆపలేకపోయింది. ఆ రోజు ఊరి యువకులను వరుసగా నిలబెట్టి కాల్చిన నేల మీద తరువాత స్తూపం వెలిసింది. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. ఆ మూడు వారాల ఎడం బైరాన్‌పల్లి కుటుంబాలకు ఎంత పెద్దదో ఏ లోహశాస్త్రమూ కొలవలేదు.

> తోప్ కా సాంచా
>
> హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అనే పేటకు ఆ పేరు ఫిరంగులూ గుండ్లూ పోత పోసిన కర్మాగారం వల్ల వచ్చింది. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ రేమాఁ 1795 ప్రాంతంలో దాన్ని కట్టించాడు. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు, అదే ఏడు అక్టోబరులో బ్రిటిష్ వారు ఫ్రెంచి దళాలను నిరాయుధం చేశారు. ఆయన పేరు జనం నోట మూసారాంబాగ్‌గా నిలిచింది.

కరగడం సులువు, పోవడం కష్టం

సీసం కథ తుపాకులతోనూ అచ్చుయంత్రాలతోనూ ముగిసిపోలేదు. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి అక్షరపు పెట్టెలు మూలపడ్డాయి. టాంకు కవచాన్ని చీల్చే బాణాలకు టంగ్‌స్టన్ మిశ్రమం వచ్చింది. కరిగించి పోయడానికి వీలుకానంత వేడి కోరే ఆ లోహాన్ని పొడిగా అదిమి, నికెల్, ఇనుములతో కలిపి కాల్చి గట్టిపరిచే విద్యను హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం అభివృద్ధి చేసి తిరుచిరాపల్లి కర్మాగారానికి అందించింది. వేటకు సీసపు గుండు వాడకాన్ని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులైనుంచి పూర్తిగా నిషేధించింది. గాయపడిన జంతువు కళేబరాన్ని తిన్న రాబందుల ఒంట్లో సీసం చేరి అవి చనిపోవడం ఇందుకు ముఖ్య కారణం. చిత్తడినేలల్లో సీసపు రవ్వల వాడకానికి 2023 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ అడ్డుకట్ట వేసింది.

గుండు తగిలినవాడినే కాక గుండు పోసినవాడినీ సీసం వదలదు. కరిగిన లోహం మీద కమ్మే బూడిదరంగు పొర, దాన్ని గీకినప్పుడు లేచే దుమ్ము, అదే చేతితో తిన్న ముద్ద, ఈ మూడు దారుల్లో అది ఒంట్లోకి పోతుంది. శరీరం దాన్ని సున్నం అని పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది, అక్కడ అది దశాబ్దాలు ఉండిపోతుంది. అక్షరాల గళ్ల ముందు జీవితాలు గడిపిన పనివారిలో కడుపునొప్పి, రక్తహీనత, మణికట్టు వాలిపోవడం, చిగుళ్ల మీద నీలిగీత వంటి లక్షణాలను వైద్యులు పంతొమ్మిదో శతాబ్దంలోనే నమోదు చేశారు. పెద్దల కన్నా పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది, దాని దెబ్బ ఎదుగుతున్న మెదడు మీద పడుతుంది. ఇంతవరకు పరవాలేదనదగిన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన కలిగించే స్థాయిలో సీసం ఉందని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల నివేదిక వెల్లడించింది. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు, వారి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తరువాత ఇతర సంస్థల అనుమానం పురుగుమందుల వైపు మళ్లినా, తెలుగు ఇళ్లలో సీసం అనే మాట భయంతో వినబడింది అప్పుడే.

నేడు ప్రపంచంలో వాడే సీసంలో అత్యధిక భాగం బ్యాటరీల్లో ఉంది. ఆటో, ట్రాక్టరు, ఇన్వర్టరు ఉన్న ప్రతి ఇంట్లోనూ కిలోల కొద్దీ సీసం ఉన్నట్టే. కట్టెలపొయ్యి వేడికే కరిగే గుణం, ఒకప్పుడు పల్లెకు ఆయుధాన్నీ అక్షరాన్నీ ఇచ్చిన ఆ గుణమే, ఇప్పుడు ఊరి చివర రేకులషెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించుకునే దొంగచాటు పనికి దారి ఇస్తున్నది. ఆ షెడ్డు చుట్టూ ఉన్న మట్టి, చెరువు, ఆ పనివాడి చొక్కాతో ఇంటికి చేరిన దుమ్ము, ఆ ఇంటి పసిపిల్ల, అన్నీ ఆ లోహం లెక్కలోకి వస్తాయి. సీసం కలిపిన పెట్రోలును దేశం 2000లో మానుకున్నది. ఇళ్ల రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదన్న నియమం 2017 నవంబరులో అమలుకు వచ్చింది. అమ్మిన బ్యాటరీని వెనక్కి తీసుకుని శుద్ధిచేసే బాధ్యతను 2022 నాటి నియమాలు తయారీదారుల మీద పెట్టాయి. చట్టాలు మంచివే. వాటిని పల్లె ఇనుపసామాన్ల కొట్టు దాకా తీసుకురావడంలో ప్రభుత్వ యంత్రాంగం వెనుకబడి ఉన్నదన్నది కాదనలేని సంగతి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఇంటి అటకమీదనైనా గుండ్లు పోసిన పాత ఇనుప అచ్చుగానీ, మూతపడిన అచ్చుకూటపు అక్షరాల పెట్టెగానీ ఉంటే, దాన్ని కిలోల లెక్కన పాతసామాన్లవాడికి అమ్మవద్దు, పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వవద్దు, ఎంత చిన్న ముక్కయినా పొయ్యిమీద కరిగించవద్దు. దాన్ని గుడ్డలో చుట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, దగ్గరలోని ప్రభుత్వ మ్యూజియం అధికారులకు కబురు పెట్టండి. చచ్చిన బ్యాటరీని అనుమతి ఉన్న దుకాణంలోనే అప్పగించి రసీదు తీసుకోండి. ఇంటి పక్కన సీసం కరిగించే షెడ్డు ఉంటే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ పరిసరాల్లో ఆడుకునే పిల్లల రక్తాన్ని పరీక్ష చేయించండి.